లండన్ నుంచి విజయవాడ: డ్యూటీ ఫ్రీ మందు మనిషికి ఎంత? 700 ఎంఎల్ సీసాలు మూడేసి తేవచ్చా?

బెంజిసర్కిల్_బాబు

అందరికీ నమస్కారం. వచ్చే నెల నేను, మా ఆవిడ, 19 ఏళ్ల మా అబ్బాయి లండన్ నుంచి దుబాయ్ మీదుగా శంషాబాద్‌లో దిగి, అక్కణ్ణుంచి కారులో విజయవాడ వస్తున్నాం. మామగారికీ బావగారికీ విస్కీ తేవాలి. లండన్ షాపుల్లో 700 ఎంఎల్ సీసాలే ఎక్కువట. మనిషికి మూడు చొప్పున తొమ్మిది తేవచ్చా? ఎక్కువైతే డ్యూటీ ఎంత పడుతుంది? లండన్‌లో కొనడం నయమా, శంషాబాద్‌లో దిగాక కొనడం నయమా? జగ్గయ్యపేట దగ్గర చెక్‌పోస్టులో ఏమంటారు?

అరండల్‌పేట_5వలైను

బాబు గారూ, తొమ్మిది కుదరవండి. పరిమితి మనిషికి 2 లీటర్లు. సీసాల లెక్క కాదు, లీటర్ల లెక్క. విస్కీ, వైన్, బీరు అన్నీ కలిపే ఆ 2 లీటర్లు.

చాలామంది పొరపాటు పడేది మీరడిగిన 700 దగ్గరే. 700 మూడైతే 2.1 లీటర్లు, 750 మూడైతే 2.25. రెండూ పరిమితి దాటినట్టే. వంద ఎంఎల్లేగా, వదిలేస్తారులే అని ముందే లెక్కేసుకుని కొనకండి. ఎయిర్‌పోర్టు డ్యూటీ ఫ్రీ షాపుల్లో 1 లీటరు సీసాలు దొరుకుతాయి. అవి రెండు తీసుకుంటే సరిగ్గా సరిపోతుంది. 700వే కావాలనుకుంటే రెండు కొని, తోడు ఒక 500 ఎంఎల్ తీసుకోండి, మొత్తం 1.9. బీరైతే 330 ఎంఎల్ డబ్బాలు ఆరు, అంటే 1.98.

అబ్బాయిని లెక్కలోంచి తీసేయండి. తెలంగాణలోనూ ఆంధ్రాలోనూ మందు కొనే వయసు 21. వాడి బ్యాగులో పెట్టడం, వాడి పేరున బిల్లు చేయించడం రెండూ వద్దు. మీ ఇద్దరికీ కలిపి 4 లీటర్లు. అయితే ఒకరి వాటా ఇంకొకరికి కలపడం బ్యాగేజ్ రూల్స్ ఒప్పుకోవు. నాలుగు సీసాలూ మీ పెట్టెలోనే పెట్టుకుని "రెండు మా ఆవిడవి" అంటే వాదన మొదలవుతుంది. ఎవరి రెండు వాళ్ల బ్యాగులో, ఎవరి బిల్లు వాళ్ల పేరున ఉంటే గొడవే లేదు.

ఇంకోటి. ఈ 2 లీటర్ల ఖరీదు మీ మామూలు డ్యూటీ ఫ్రీ అలవెన్సులోంచే పోతుంది. అది 50,000 రూపాయలు ఉండేది, 2026 ఫిబ్రవరి నుంచి 75,000 చేశారు. ఖరీదైన సింగిల్ మాల్ట్ రెండు తెస్తే, మిగతా సామానుకి ఎంత మిగిలిందో చూసుకోండి.

2 లీటర్లు దాటిన విస్కీ మీద డ్యూటీ సాధారణంగా 150 శాతం. 4,000 రూపాయల సీసా ఒకటి ఎక్కువైతే 6,000 కట్టాలి, ఆ సీసా పదివేలకి తేలుతుంది. నా మటుకు ఐదో సీసా తేవడం దండగ. అయినా తెస్తే రెడ్ ఛానల్‌లోకి (డ్యూటీ కట్టాల్సిన సరుకు ఉన్నవాళ్ల దారి) వెళ్లి ముందే చెప్పండి. డ్యూటీ కట్టి రసీదు తీసుకుంటే అంతటితో అయిపోతుంది. గ్రీన్‌లోంచి (చెప్పాల్సిందేమీ లేనివాళ్ల దారి) వస్తూ దొరికితే సరుకు స్వాధీనం చేసుకోవచ్చు, పైన జరిమానా. సీసాలు ఎక్స్‌రేలో స్పష్టంగా కనిపిస్తాయి, దాచడం అనే మాటే లేదు.

గన్నవరం_రన్‌వే

ఎక్కడ కొనాలన్నదానికి నా సమాధానం: బ్రాండు మీద పట్టుదల లేకపోతే శంషాబాద్ అరైవల్ షాపులో. ఇమిగ్రేషన్ అయ్యాక, సామాను వచ్చే బెల్టు దగ్గరికి వెళ్లేలోపు ఉంటుంది. పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ చేతిలో ఉంచుకోండి. మోసే బరువు తక్కువ, పగిలే భయం లేదు. అక్కడ కొన్నదీ ఆ 2 లీటర్లలోకే వస్తుందని మర్చిపోవద్దు. బయట నుంచి రెండు తెచ్చి అక్కడ ఇంకో రెండు కొంటే నాలుగూ లెక్కే.

లండన్ ఎయిర్‌పోర్టులో కొంటే బిల్లు లోపల పెట్టి సీలు వేసిన పారదర్శక సంచిలో ఇస్తారు. దుబాయ్‌లో మళ్లీ సెక్యూరిటీ ఉంటుంది. సంచి సీలు ఊడితే లోపలున్నది 100 ఎంఎల్ దాటిన ద్రవమే, అక్కడే వదిలేయాల్సి వస్తుంది. శంషాబాద్ దాటేదాకా విప్పకండి. దుబాయ్‌లో ఎక్కేముందు కొంటే ఈ తలనొప్పి ఉండదు.

ఊళ్లో షాపులో కొన్నవి చెక్-ఇన్ పెట్టెలోనే వేయాలి. విమానం రూలు వేరే ఉంది: 24 నుంచి 70 శాతం ఆల్కహాల్ ఉన్నవి మనిషికి 5 లీటర్ల వరకు, షాపు ప్యాకింగ్‌లోనే ఉండాలి. 70 శాతం దాటినవి అసలు ఎక్కించరు. విమానం వాళ్లు 5 లీటర్లు మోస్తారు కదా అని కస్టమ్స్ కూడా వదలదు, ఈ రెండిటినీ కలగలిపేవాళ్లు చాలామంది.

ప్యాకింగ్: మూత చుట్టూ టేపు గట్టిగా చుట్టండి. బిరడా ఉన్న సింగిల్ మాల్ట్‌కి ఇది తప్పనిసరి, అడ్డంగా పడుకోబెడితే బిరడా పక్కనుంచి కారుతుంది. తర్వాత గాలి చొరని ప్లాస్టిక్ కవరు, దానిపైన జీన్స్ ప్యాంటు చుట్టి పెట్టె నడిమధ్యలో పెట్టండి. చక్రాల వైపు, అంచుల వైపు వద్దు, దెబ్బ తగిలేది అక్కడే. రెండు సీసాలు ఒకదానికొకటి ఆనకూడదు. లీటరు గాజు సీసా ఒక్కోటి కిలోన్నర దాకా తూగుతుంది, పెట్టె బరువు ముందే చూసుకోండి.

బెంజిసర్కిల్_బాబు

ధన్యవాదాలండీ, నాలుగు లీటరు సీసాలే అనుకుంటున్నాం. కారు కాకుండా శంషాబాద్ నుంచి గన్నవరం ఫ్లైట్ పట్టుకుంటే?

గన్నవరం_రన్‌వే

అప్పుడు కస్టమ్స్ శంషాబాద్‌లోనే అయిపోతుంది, తర్వాతది దేశీయ ప్రయాణం. అరైవల్ షాపులో కొన్న సీసాలు చేతిలో పట్టుకుని డొమెస్టిక్ సెక్యూరిటీకి వెళ్లకండి, ఆపుతారు. పెట్టె మళ్లీ అప్పగించే ముందే తెరిచి సీసాలు లోపల వేసేయండి. పెట్టెలో ఖాళీ, జీన్స్, టేపు ముందే సిద్ధంగా ఉంచుకోండి. విదేశం నుంచి నేరుగా గన్నవరంలో దిగే ఫ్లైట్ అయితే కస్టమ్స్ గన్నవరంలోనే.

కృష్ణలంక_కరకట్ట

రోడ్డు సంగతి ఎవరూ చెప్పలేదు. కస్టమ్స్ కేంద్రానిది, ఎక్సైజ్ రాష్ట్రానిది. కస్టమ్స్ దాటాం కాబట్టి అంతా అయిపోయినట్టు కాదు. ఇతర రాష్ట్రాల మందు తేవడం మీద ఆంధ్రప్రదేశ్ 2020లో కట్టడి పెట్టింది. తెలంగాణ నుంచి సరుకు వస్తుందనే జాతీయ రహదారి మీద గరికపాడు దగ్గర, గుంటూరు వైపు వెళ్లేవాళ్లకి పొందుగల దగ్గర బళ్లు ఆపి చూస్తారు. రాష్ట్రం హోలోగ్రామ్ లేని సీసా కనిపిస్తే మొదటి అనుమానం ఎన్‌డీపీఎల్, అంటే పన్ను కట్టని మందు. డ్యూటీ ఫ్రీ సీసా మీద ఆ హోలోగ్రామ్ ఉండదు కదా.

అందుకని బయల్దేరేముందే మీ ప్రాంత ఎక్సైజ్ స్టేషన్‌లో, విదేశం నుంచి ఇన్ని లీటర్లు సొంతానికి తెస్తున్నామని చెప్పి, పర్మిట్ ఏమైనా కావాలా అని అడగండి. కారులో సీలు సంచి విప్పకుండా ఉంచండి. షాపు బిల్లు, ఇద్దరి బోర్డింగ్ పాసులు, అరైవల్ స్టాంపున్న పాస్‌పోర్టులు ఒకే కవర్లో, డ్యాష్‌బోర్డులో పెట్టండి. డ్యూటీ ఫ్రీ బిల్లులు కొన్ని సిరా త్వరగా చెరిగిపోయే కాగితం మీద వస్తాయి, ఫోన్‌లో ఫొటో తీసుకోండి. దారిలో కోదాడలో ఆగి ఇంకో సీసా కొని దానికి కలపొద్దు, ఆ ఒక్కదానివల్ల నాలుగూ చిక్కులో పడతాయి. ఎవరైనా డబ్బిస్తామన్నా అమ్మకండి, అమ్మితే అది నేరం.

అరండల్‌పేట_5వలైను

పై మాటకి ఒకటి కలుపుతాను. రెడ్ ఛానల్‌లో డ్యూటీ కట్టినవాళ్లు ఆ రసీదు కూడా అదే కవర్లో పెట్టుకోండి. విదేశంలో ఉంటూ సెలవుల్లో వచ్చేవాళ్లకి ఇంకో దారి ఉంది: ఎక్కువైన సీసాలు ముందే నిజంగా చెప్పి, తిరిగి వెళ్లేటప్పుడు తీసుకుంటామని కస్టమ్స్ దగ్గరే ఉంచమని అడగొచ్చు. కస్టమ్స్ చట్టంలో 80వ సెక్షన్ అది. తిరుగు ప్రయాణం కూడా అదే ఎయిర్‌పోర్టు నుంచి ఉంటే వాళ్లకి పని సులువు.