ఇంజిన్ బోరు అద్దంలా మెరవాలా, గీతలు ఉండాలా?

లారీ ఓనర్, గొల్లపూడి:
విజయవాడ ఆటోనగర్‌లో ఇంజిన్ రీబోర్ (అరిగిన సిలిండర్ లోపలి గోడను కొత్తగా కోయడం) చేయించి కొత్త పిస్టన్లు, రింగులు వేయించాను. టార్చి వేసి చూస్తే బోరులో (ఆ సిలిండర్ లోపలి గోడలో) ముఖం కనబడేంత నునుపు. మూడు వేల కిలోమీటర్లు తిరిగినా ఆయిల్ తాగుతూనే ఉంది, నీలం పొగ ఆగడం లేదు. ఇంకో మెకానిక్ చూసి ‘హోనింగ్ గీతలు (సానరాళ్లతో రుద్దితే పడే సన్న గీతలు) లేవు, అదే జబ్బు’ అంటున్నాడు. నునుపుగా ఉండటం మంచిది కాదా?

లేత్ పనివాడు:
మంచిదేనండీ. గరుకుంటే రాపిడి, రాపిడి ఉంటే అరుగుదల. ముక్కు రేడియస్ 0.8 మి.మీ. ఉన్న ఇన్సర్టుతో (లోహాన్ని కోసే పలుకుతో) చుట్టుకు 0.2 మి.మీ. ఫీడ్ (పలుకు ముందుకు జరిగే దూరం) పెడితే లెక్క ప్రకారం గీత ఎత్తు 6 మైక్రాన్లు దాటుతుంది. ఫీడ్ సగం చేస్తే ఒకటిన్నరకు దిగుతుంది. అందుకే ఓపిగ్గా తిప్పమంటాను.

హోనింగ్ పనివాడు:
అన్నా, షాఫ్టుకు ఆ లెక్క సరే, బోరుకు చాలదు. రింగు జారాల్సింది ఆయిల్ పొర మీద. ఆ ఆయిల్ నిలిచేది గీతల్లోనే. రాయి తిరుగుతూ పైకీ కిందికీ ఆడుతుంది కాబట్టి గీతలు అడ్డంగా ఒకదాన్నొకటి కోసుకుంటాయి. కొత్త రింగూ, గీతల కొనలూ కొంచెం కొంచెం అరిగితేనే రింగు గోడకు కూర్చుంటుంది. అద్దంలా ఉంటే అరగడానికి ఏముంది? గ్యాస్ కిందికి, ఆయిల్ పైకి. ఈయన బండికి జరిగింది అదే అనిపిస్తోంది.

లేత్ పనివాడు:
గీతలు కావాలని ముతక రాయి కొట్టి వదిలేసినవీ చూశాను. రింగులు త్వరగా పోయాయి.

హోనింగ్ పనివాడు:
అది నిజమే. ముతక రాయి తర్వాత సన్న రాయితో కొన్ని స్ట్రోకులు వేసి కొనలు మాత్రం తీసేయాలి, లోతు గీతలు అలాగే ఉండాలి. ప్లాటో హోనింగ్ అంటే అదే. ఆర్ఏ (గరుకుదనాన్ని చెప్పే అంకె) ఒక్కటే చూసి నిర్ణయించకండి, అది సగటు. మొనదేలిన బోరూ, లోతు గీతల బోరూ ఒకే అంకె చూపించగలవు.

లారీ ఓనర్:
మళ్లీ హోనింగ్ చేయిస్తే బోరు పెద్దదవదా?

హోనింగ్ పనివాడు:
ముందు బోర్ గేజ్‌తో కొలిపించండి. పిస్టన్ క్లియరెన్స్ (పిస్టన్‌కూ గోడకూ మధ్య సందు) కంపెనీ లిమిట్‌లో ఉంటేనే చేయించండి, రింగులు కొత్తవి వేయండి. తర్వాత డీజిల్‌తో తుడిచి సరిపెట్టనివ్వొద్దు. వేడినీళ్లు, సబ్బు, బ్రష్‌తో కడిగించండి. ఆయిల్ అద్దిన తెల్లగుడ్డతో తుడిస్తే బూడిద రంగు అంటకూడదు. అంటితే రాతిపొడి ఇంకా ఉన్నట్టే, మళ్లీ కడగమనండి.