ఫ్లూక్‌కు 18 అంగుళాల నియమం: తల్లిచేపలకు చేటా, రక్షణా?

ఉప్పుగాలి: అమెరికాలోని న్యూజెర్సీ తీరంలో 2022, 2023 వేసవుల్లో గాలం వేసేవారు ఒక్కొక్కరు 17 అంగుళాలకు తగ్గకుండా 18కి లోపున్న ఫ్లూక్‌లు (సమ్మర్ ఫ్లౌండర్ అనే బల్లపరుపు సముద్రచేపలు) రెండు, 18 లేదా అంతకు మించినది ఒకటి ఉంచుకోగలిగేవారు. 2024లో ఆ పద్ధతిని విడిచి, డెలావేర్ బే వంటి కొన్ని చోట్ల తప్ప, మూడూ కనీసం 18 అంగుళాలు ఉండాలన్న పాత నియమానికే తిరిగి వచ్చారు. ఇది సరికాదని నా దృఢమైన అభిప్రాయం. ఈ జాతిలో ఆడచేప మగదానికంటే త్వరగా, పెద్దగా పెరుగుతుంది కనుక 18 అంగుళాలు దాటినవాటిలో అత్యధికం ఆడవే. మనం ఇంటికి తీసుకుపోతున్నది ఎక్కువ గుడ్లు పెట్టగల తల్లిచేపలనే.

లంగరు: ఉప్పుగాలి గారూ, ఆడవే ఎక్కువన్న మాట నిజమే గాని, మీ అభిప్రాయంతో ఏకీభవించలేను. ఫ్లూక్ సాధారణంగా రెండేళ్లకే గుడ్లు పెట్టే దశకు వస్తుంది, శరదృతువులో అఖాతాలనూ ఉప్పుటేర్లనూ విడిచి లోతుకు పోతూ గుడ్లు విడుస్తుంది. 18 అంగుళాలకు పెరిగేలోపు ఆ అవకాశం దానికి ఒకటికి మించి దొరికే ఉంటుంది. పైగా చిన్నవి సంఖ్యలో చాలా ఎక్కువ. కొలత తగ్గిస్తే ప్రతి ఒక్కరూ తమ మూడింటినీ సులభంగా నింపుకుంటారు, మొత్తం మీద పోయే చేపలు పెరుగుతాయి.

ఉప్పుగాలి: పోయే లెక్కలో వదిలినవాటినీ కలపాలి కదా, లంగరు గారూ. గాలానికి పడి విడిచిన ఫ్లూక్‌లలో పదింట ఒకటి చనిపోతుందనే చేపల నిల్వల అంచనాలలో లెక్క కడతారు. ఒక్క పెద్ద చేప కోసం ఇరవై చిన్నవాటిని పైకి లాగి వదిలితే, మనం ఇంటికి తెచ్చే లెక్కలో చేరకుండానే మరో రెండు పోయినట్టే.

కొత్తగాలం: ఆ పదింట ఒకటి అన్నది సగటు మాత్రమే, దానిని తగ్గించడం మన చేతిలో ఉంది. రెండు కళ్లూ ఉన్న ఎడమ వైపును పైకి ఉంచి, ఇసుక రంగులో కలిసిపోయి, కాలువ అంచుల్లో ప్రవాహం తెచ్చే ఎరకోసం పొంచి ఉండే వేటచేప ఇది. ఇదే తీరంలోని బార్నెగాట్ అఖాతపు ముఖద్వారం దగ్గర ఆటు మొదలై చిన్నచేపలు బయటికి కొట్టుకువస్తున్నప్పుడు, పడవను నీటి వేగానికి వదిలి, బక్‌టెయిల్ జిగ్ (వెంట్రుకల కుచ్చు కట్టిన బరువైన కృత్రిమ ఎర) కట్టిన గాలపు కర్రను చేతిలోనే పట్టుకుని, ఆ ఎరను అడుగును తాకిస్తూ పోతే, చేప అందుకున్న క్షణమే తెలుస్తుంది, గాలం పెదవికే తగులుతుంది. అదే కర్రను పడవలోని కర్రగూటిలో నిలబెట్టి కూర్చుంటే ఎరను లోపలికంటా మింగుతుంది. మొప్పల దగ్గర నెత్తురు వచ్చిన చేపను ఎంత మృదువుగా వదిలినా బతకడం కష్టం. కొలత ఏదైనా, ఈ చేప తీరు తెలియనివారి చేతిలో నియమం నెరవేరదని నాకనిపిస్తుంది.

లంగరు: పద్ధతి గురించి కొత్తగాలం గారు చెప్పినది పూర్తిగా ఒప్పుకుంటాను. అయితే అద్దె బోట్లలో తొలిసారి గాలం పట్టేవారు ఎందరో ఉంటారు, వారందరికీ ఇది నేర్పేదాకా నియమం ఆగదు. కొలతను 17కి దించాలంటే సంఖ్యను రెండుకు తగ్గించాలి. అలాగైతే నేనూ మీ పక్షమే. ఆ మూడో చేపను వదులుకోవడానికి బోటు యజమానులు అంగీకరిస్తారా అన్నదే నా సందేహం.