మహమ్మారి వస్తే హెల్త్ ఇన్సూరెన్స్ షేర్లు అమ్మేయాలా, ఉంచుకోవాలా?

కొత్త మదుపరి: మహమ్మారి వస్తే ఆసుపత్రులు నిండిపోతాయి, క్లెయిములు పెరుగుతాయి. అందుకే ఈ షేర్లు ముందే వదిలించుకోవడం మంచిదంటాను. కాదనేవాళ్లున్నారా?

లెక్కల పంతులు: నేనున్నాను. 2020 ఏప్రిల్-జూన్‌లో అమెరికాలో కోవిడ్ జోరుగా ఉంది. ఆ మూడు నెలల్లో అక్కడి పెద్ద హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ యునైటెడ్‌హెల్త్ లాభం 660 కోట్ల డాలర్లు, అంతకుముందు ఏడాది అవే మూడు నెలలకి రెట్టింపు. మోకీలు మార్పిడి, శుక్లాల ఆపరేషన్, మామూలు చెకప్ అన్నీ వాయిదా పడ్డాయి. ప్రీమియం మాత్రం నెలనెలా వస్తూనే ఉంది. వంద డాలర్ల ప్రీమియంలో వైద్యానికి పోయింది 70 డాలర్లే. ముందు ఏడాది అది 83.

కొత్త మదుపరి: మరి ఫిబ్రవరిలో 300 డాలర్లున్న షేరు మార్చి 23న 200 కిందకి ఎందుకొచ్చినట్టు?

లెక్కల పంతులు: ఆ రోజు మార్కెట్ మొత్తం అడుగంటింది కదండీ! ఏడాది చివరికి అదే షేరు 350 చేరింది. టెన్షన్‌తో అమ్మినవాళ్లే నష్టపోయారు.

క్లెయిమ్ డెస్క్: పంతులుగారూ, మీరు అమెరికా దాటి రారేం? భారత్‌లో హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ స్టార్ హెల్త్‌కి 2021-22లో నష్టం వెయ్యి కోట్ల రూపాయలు దాటింది. 2021 డిసెంబరులోనే షేరు 900 రూపాయల చొప్పున ఐపీఓకి (జనానికి తొలిసారి షేర్లు అమ్మడానికి) వస్తే అమ్మకానికి పెట్టిన షేర్లన్నిటికీ దరఖాస్తులు రాలేదు, మార్కెట్లో తొలిరోజు మొదలైన ధర కూడా ఆ 900 కంటే కిందే. కారణం సూటిగానే ఉంది. మన పాలసీలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే పనిచేస్తాయి. చెకప్‌లు, మందులు మానేసినా కంపెనీకి మిగిలేది పెద్దగా ఉండదు. సెకండ్ వేవ్‌లో జనం చేరిందేమో ఆసుపత్రుల్లోనే. ఒకే రోగం, రెండు చోట్లా రెండు రకాల బ్యాలెన్స్ షీట్లు.

ఓపికస్తుడు: ఆపరేషన్ వాయిదా పడితే రద్దయినట్టు కాదు. 2023 జూన్‌లో పెద్దవయసువాళ్లు తుంటి, మోకాలి ఆపరేషన్లకు ఎక్కువగా వస్తున్నారని యునైటెడ్‌హెల్త్ చెప్పగానే, ఒక్కరోజులోనే షేరు 6 శాతం పడింది. అలాంటిదే మరో కంపెనీ హ్యుమానా షేరు 11 శాతం. పైగా అక్కడ పాలసీ రకాన్ని బట్టి ప్రీమియంలో కనీసం 80 లేదా 85 శాతం వైద్యానికే ఖర్చుపెట్టాలని చట్టం. అంతకంటే తక్కువ ఖర్చుపెడితే ఆ తేడా వెనక్కివ్వాలి. ఆ 660 కోట్లు చూసి మురిసిపోవడం దేనికి?

లెక్కల పంతులు: మూడేళ్ల తర్వాత పడిన 6 శాతాన్ని మహమ్మారి ఖాతాలో రాసేశారు, బాగుంది. మధ్యలో 2022లో ఆ షేరు 500 దాటిన సంగతి ఏ ఖాతాలో రాస్తారో అదీ చెప్పండి.