ట్రాక్ డేకి స్విఫ్ట్: ఉన్న 40 వేలు స్ప్రింగులకా, బ్రేకులకా?

నెల్లూరు_స్విఫ్ట్:
అందరికీ నమస్తే. నాది ఆరేళ్ల పెట్రోల్ స్విఫ్ట్. రోజూ ఆఫీసుకు అదే, పండక్కి అమ్మానాన్నలతో ఊరికీ అదే. వచ్చే నెల శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌లో ట్రాక్ డేకి, అంటే సొంత బండిని రేసు ట్రాక్ మీద తోలే రోజుకి, మొదటిసారి పేరిచ్చాను. చేతిలో 40 వేలున్నాయి. మా మెకానిక్ బండి ఎత్తు తగ్గించే లోయరింగ్ స్ప్రింగులు వేయించమంటాడు, బండి రోడ్డుకు అతుక్కుపోతుందట. ఆఫీసులో ఫ్రెండ్ బ్రేకులు చూసుకోమంటాడు. ఎవరి మాట వినను?

పాతటైరు:
మీ ఫ్రెండ్ మాట వినండి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు మీ మెకానిక్ చెప్పిన పనే చేశాను. మూడో ల్యాప్ చివర పెడల్ తొక్కితే మెత్తగా, తడి స్పాంజి మీద కాలేసినట్టు లోపలికి పోయింది. పంపు కొట్టినట్టు రెండుసార్లు తొక్కితే గానీ బండి నెమ్మదించలేదు. కారణం రెండేళ్లుగా మార్చని బ్రేక్ ఫ్లూయిడ్. అది గాలిలో తేమను పీల్చుకుంటుంది. డాట్ 4 రకం ఫ్లూయిడ్ కొత్తదైతే కనీసం 230 డిగ్రీల వరకు మరగకూడదు. తేమ పట్టాక ఆ హద్దు 155 డిగ్రీలే. మరిగితే పైపులో బుడగలు. మనం తొక్కిన బలమంతా ఆ బుడగల్ని నలపడానికే సరిపోతుంది.

కొత్త డాట్ 4 పోయించి, వేడికి తట్టుకునే ప్యాడ్లు వేయించండి. పేరు చూసి డాట్ 5 మాత్రం కొనకండి. అది సిలికాన్‌ది, మన బండికి పనికిరాదు.

కూకట్‌పల్లి_పోలో:
అన్నా, బ్రేకుల సంగతి ఒప్పుకుంటా. కానీ సస్పెన్షన్ ముట్టుకోవద్దంటే మాత్రం ఒప్పుకోను. ఒక్క పూటలో నా ముందు టైర్ల బయటి అంచు పొట్టు లేచిపోయింది, లోపలి సగం కొత్తదానిలాగే ఉంది. మలుపులో బండి ఒరిగితే టైరు బయటి అంచు మీదే నిలబడుతుంది. చక్రం పైభాగం లోపలికి వాలేలా నెగటివ్ క్యాంబర్ ఇస్తేనే మొత్తం టైరు నేలను పట్టుకుంటుంది. నేను కోయిలోవర్లు (ఎత్తు మార్చుకునే స్ప్రింగు, షాక్ అబ్జార్బరు సెట్లు), పైన ఆ వాలు మార్చే క్యాంబర్ ప్లేట్లు వేయించుకున్నా. టైర్లు మిగిలాయి కదా, అదీ లెక్కేయాలి.

పాతటైరు:
తమ్ముడూ, నీది పోలో. అందులో స్ట్రట్‌ను (స్ప్రింగు, షాక్ అబ్జార్బరు కలిసి ఉండే కాలు) చక్రం బిగించే హబ్ దగ్గర క్లాంపుతో బిగిస్తారు, క్యాంబర్ కావాలంటే పై నుంచే మార్చుకోవాలి. స్విఫ్ట్‌లో అక్కడ రెండు బోల్టులుంటాయి. వాటిలో ఒకటి తీసి క్యాంబర్ బోల్టు వేస్తే డిగ్రీ పైనే దొరుకుతుంది. దానికి లక్ష రూపాయల కోయిలోవర్లు ఎందుకు? బోల్టు వేశాక అలైన్‌మెంట్ మాత్రం తప్పదు, టో (పై నుంచి చూస్తే చక్రాలు లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం) మారిపోతుంది.

గ్యారేజీ_పిచ్చి:
లోయరింగ్ స్ప్రింగుల మీద ఒక మాట. ఎత్తు తగ్గితే ఒరగడం తగ్గిపోతుందనుకుంటారు. మన బండ్ల ముందు ఉండే ఈ మాక్‌ఫర్సన్ రకం స్ట్రట్‌లో అలా కుదరదు. బండిని మరీ దించితే కింది ఆర్మ్ చక్రం వైపు పైకి వాలుతుంది. అప్పుడు రోల్ సెంటర్ (బండి ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో అది), బండి బరువు కేంద్రం కంటే ఎక్కువగా కిందికి పోతుంది. అంటే బండిని పక్కకు ఒరిగించే బలం పెరుగుతుంది. స్ప్రింగు గట్టిగా ఉంటే దాన్ని ఆపుతుంది, ఎత్తు తగ్గించడమే చూసుకుంటే ఆపలేదు. పైగా మలుపు మధ్యలో స్ప్రింగు పూర్తిగా నొక్కుకుపోకుండా ఆపే బంప్ స్టాప్ తగిలిందంటే ముందు చక్రాల పట్టు ఒక్కసారిగా పోతుంది. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల మీద అడుగు గీసుకోవడం అదనం.

కూకట్‌పల్లి_పోలో:
మరీ దించితే కదా! నేను 20 మిమీ కూడా దించలే.

పాలసీ_బాబాయ్:
ఎవరూ ఎత్తట్లేదు కాబట్టి నేనే చెబుతున్నా. మామూలు కారు పాలసీలో రేసింగు, స్పీడ్ టెస్టింగు వాడకాలకు కవర్ ఉండదు. ట్రాక్ డే దాని కిందికి వస్తుందో రాదో కంపెనీని ముందే అడగండి. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కూడా ఉంది: ఆర్‌సీలోని వివరాలు బండి తయారుచేసిన కంపెనీ ఇచ్చినవాటికి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. ఆ కారులోనే ఇంటికి రావాలి మరి.

నెల్లూరు_స్విఫ్ట్:
అందరికీ థాంక్స్. ఫ్లూయిడ్, ప్యాడ్లు, క్యాంబర్ బోల్టులు, అలైన్‌మెంట్‌తో ఆపుతున్నా. స్ప్రింగులు వద్దని చెబితే మెకానిక్ మొహం చిన్నబోయింది. గాలి ఎంత పెట్టాలి?

పాతటైరు:
అంకె చెబితే తప్పవుతుంది. వేడికి గాలి ఒత్తిడి పెరుగుతుంది కాబట్టి ఇంటి దగ్గర చూసుకున్నది అక్కడ పనికిరాదు. ముందు టైరు అంచు నుంచి పక్కగోడ మీదికి సుద్దముక్కతో అడ్డంగా గీతలు గీయండి. నాలుగు ల్యాపులు తిరిగొచ్చి చూడండి. పక్కగోడ మీది గీత కూడా చెరిగిపోతే టైరు మరీ మడుచుకుంటోందన్నమాట, గాలి పెంచండి. అంచు దాకా కూడా చెరగకపోతే తగ్గించండి. చివరి ల్యాప్ నిదానంగా తిరిగి బ్రేకులు చల్లారనివ్వండి. పిట్‌లోకి వచ్చాక హ్యాండ్‌బ్రేక్ లాగకుండా గేర్లో వదిలేయండి.

కూకట్‌పల్లి_పోలో:
సుద్ద గీసిన టైరు ఫొటో పెట్టు బ్రో. అంచు పోయిందో లేదో అప్పుడు మాట్లాడుకుందాం.