సర్వర్ చూసుకునే పని లేకుండా జాంగో యాప్: క్లౌడ్ రన్, లాంబ్డా, రెండర్‌లలో ఏది?

జీడితోట (పర్లాకిమిడి):
జీడిపిక్కలు కొనే షాపులకి తూకం, బిల్లుల యాప్. జాంగో (పైథాన్ వెబ్ ఫ్రేమ్‌వర్క్), పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్). మార్చి నుంచి జూన్ దాకానే వాడకం: రోజుకి రెండు మూడు వేల రిక్వెస్టులు. తర్వాత దాదాపు సున్నా. తూకం చీటీ ఫోటో ఎక్కించాలి, రైతుకి తెలుగులోనూ ఒడియాలోనూ పీడీఎఫ్ బిల్లు రావాలి. లినక్స్ అప్‌డేట్లు చూసే మనిషి లేడు. ఏది పెట్టమంటారు?

మహేంద్రతనయ:
క్లౌడ్ రన్ (యాప్‌ని తనే నడిపే గూగుల్ సర్వీసు), ముంబయి రీజియన్. వాడకం లేనప్పుడు నడిచే కాపీలు (ఇన్‌స్టెన్స్‌లు) సున్నాకి దిగిపోతాయి, నెలకి 20 లక్షల రిక్వెస్టులు ఫ్రీ. మీ లెక్క లక్ష కూడా దాటదు. రెండర్ (ఇంకో హోస్టింగ్ కంపెనీ) ఫ్రీ ప్లాన్ 15 నిమిషాలు ఎవరూ రాకపోతే నిద్రపోతుంది, లేవడానికి నిమిషం దాకా పడుతుంది. దాని ఫ్రీ పోస్ట్‌గ్రెస్ గడువు 30 రోజులే. బిల్లుల లెక్కకి అది కుదరదు.

మొదటిసారి డెప్లాయ్ ఫెయిలయ్యేది ఎక్కువగా ఒక్కచోటే: గునికార్న్ (జాంగోని నడిపే సర్వర్ ప్రోగ్రామ్) 127.0.0.1 మీద, అంటే లోపలి రిక్వెస్టులకే, వింటుంటుంది. 0.0.0.0 మీద (బయటివీ అందేలా), పోర్ట్ వేరియబుల్‌లో వచ్చిన నంబరు మీద (మామూలుగా 8080) వినాలి.

ఫోటోలు కంటెయినర్ (యాప్ నడిచే పెట్టె) డిస్కులో దాచకండి. అక్కడి ఫైల్ సిస్టమ్ అంటే మెమరీయే: రాసినకొద్దీ ర్యామ్ నిండుతుంది, ఇన్‌స్టెన్స్ పోతే ఫోటోలూ పోతాయి. క్లౌడ్ స్టోరేజ్ (గూగుల్ ఫైళ్ల నిల్వ) బకెట్‌లో పెట్టండి.

రెస్పాన్స్ పంపేశాక వెనకాల థ్రెడ్‌లో ఎస్సెమ్మెస్ పంపుదామనుకుంటే అదీ ఆగిపోతుంది, రిక్వెస్ట్ లేనప్పుడు సీపీయూ దాదాపు ఇవ్వరు కనక. ఆ పని క్లౌడ్ టాస్క్స్‌కి (పనులు వరసలో పెట్టి తర్వాత చేయించే సర్వీసు) అప్పగించండి.

ప్రాణహిత (సిరొంచ):
లాంబ్డా (అమెజాన్‌లో ఇలాంటి సర్వీసు) సంగతి ఎవరూ చెప్పలేదు, దాన్ని అలా వదిలెయ్యక్కర్లేదు. 2022 నవంబరు నుంచి హైదరాబాద్ రీజియన్ ఉంది, నెలకి 10 లక్షల రిక్వెస్టులు ఫ్రీ. కాకపోతే లాంబ్డా రిక్వెస్టుని జాంగోకి అర్థమయ్యేలా మార్చే అడాప్టర్ మధ్యలో కావాలి. ఫోటోలే అసలు చిక్కు: రిక్వెస్ట్ హద్దు 6 ఎంబీ, బేస్64లోకి (ఫైల్‌ని అక్షరాలుగా రాసే పద్ధతి) మారేసరికి ఫోటో మూడో వంతు పెరుగుతుంది, అంటే 4.5 ఎంబీ దగ్గరే గోడ తగులుతుంది. ఫోన్ నుంచి నేరుగా ఎస్3కి (అమెజాన్ ఫైళ్ల నిల్వ) ప్రీసైన్డ్ లింకుతో, అంటే కాసేపే పనిచేసే అనుమతి లింకుతో, ఎక్కించాలి. కొత్తగా రాసేవాళ్లకి సరే, ఉన్న జాంగో యాప్‌కి మాత్రం నా ఓటూ క్లౌడ్ రన్‌కే.

వెర్సెల్ అనే ఇంకో హోస్టింగ్ ఉంది గానీ దాని ఫ్రీ ప్లాన్ వ్యాపారానికి వాడకూడదు, షరతుల్లోనే ఉంది.

జీడితోట:
మరి పోస్ట్‌గ్రెస్ ఎక్కడ? అదీ సున్నాకి దిగుతుందా?

మహేంద్రతనయ:
గూగుల్ వాళ్ల క్లౌడ్ ఎస్‌క్యూఎల్‌లో పెడితే దిగదు. అసలు ఖర్చు యాప్‌ది కాదు, దానిదే. వాడినా వాడకపోయినా గంటల లెక్కన బిల్లు వేస్తుంది. జూలైలో డేటాబేస్ ఇన్‌స్టెన్స్ ఆపేస్తే స్టోరేజ్, ఐపీ అడ్రస్ డబ్బులే పడతాయి. పీడీఎఫ్‌లనీ బకెట్‌లోనే దాస్తే పాత బిల్లు కావాలన్నప్పుడు అక్కడ దొరుకుతుంది.

అన్నిటికంటే చిన్న సైజులో పోస్ట్‌గ్రెస్ కనెక్షన్లు 25. క్లౌడ్ రన్ గరిష్ఠ ఇన్‌స్టెన్స్‌లు 2, గునికార్న్ వర్కర్ 1, థ్రెడ్లు 8 పెట్టండి: థ్రెడ్‌కి ఒకటి చొప్పున 16 కనెక్షన్లతో సరిపోతుంది. ఆ గరిష్ఠం పెట్టకుండా వదిలేస్తే రద్దీలో ఇన్‌స్టెన్స్‌లు పెరిగి డేటాబేస్ చేతులెత్తేస్తుంది. బడ్జెట్ అలర్ట్ మెయిల్ పంపుతుందే గానీ ఖర్చు ఆపదు, కాబట్టి బిల్లుకీ ఈ గరిష్ఠమే కళ్లెం.

నియాన్ (వేరే కంపెనీ పోస్ట్‌గ్రెస్ సర్వీసు) అయితే 5 నిమిషాలు ఖాళీగా ఉంటే తనే పడుకుంటుంది. దాన్ని సింగపూర్‌లో తీసుకుంటే యాప్‌నీ అక్కడికే మార్చండి. యాప్ ముంబయిలో, డేటాబేస్ సింగపూర్‌లో ఉంటే ఒక్కో క్వెరీకి 60 మిల్లీసెకన్ల దాకా ప్రయాణమే. 20 క్వెరీల పేజీకి సెకను పైనే పోతుంది.

ప్రాణహిత:
పీడీఎఫ్ సంగతి ఎవరూ చెప్పలేదు. పైథాన్ స్లిమ్ ఇమేజ్‌లో (కంటెయినర్‌కి పునాదిగా వాడే చిన్న ప్యాకేజీ) మన లిపుల ఫాంట్లు ఉండవు, బిల్లు నిండా డబ్బాలు వస్తాయి. డాకర్‌ఫైల్‌లో (ఇమేజ్ తయారీ సూచనల ఫైలు) నోటో ఫాంట్ల కోర్ ప్యాకేజీ ఇన్‌స్టాల్ చెయ్యండి, తెలుగూ ఒడియా రెండూ అందులో ఉన్నాయి. ఫాంట్ పెట్టినా ఒత్తులు విడిపోయి పక్కకి పడితే తప్పు పీడీఎఫ్ లైబ్రరీది: అక్షరాల కూర్పు తెలిసినది కావాలి. వీజీప్రింట్ అనే పీడీఎఫ్ లైబ్రరీ పాంగో (అక్షరాలు కూర్చే లైబ్రరీ) మీద నడుస్తుంది, ఒత్తులు సరిగ్గా వస్తాయి.

జాంగోలో టైమ్‌జోన్ కూడా ఏషియా-కోల్‌కతాకి మార్చండి. యూటీసీలో (మన టైముకంటే ఐదున్నర గంటలు వెనక) వదిలేస్తే తెల్లారి 5:30 లోపు తూచిన పిక్కలు నిన్నటి ఖాతాలో పడతాయి.