చర్చ: చిన్న తరగతుల లెక్కలకు ప్రాజెక్టులు కావాలా, ఎక్కాలు చాలవా?

పరకాల రైతు:
మా బిడ్డ నాలుగో తరగతి. ఎఫ్‌ఏకు, అంటే బడిల మధ్యమధ్యల మార్కులేసే పరీక్షకు, లెక్కల ప్రాజెక్టు అని చార్టు మీద ఆకారాలు అతికియ్యమన్నరు. రాత్రి పది దాకా నేను, మా ఇంటామె కూసోని కత్తిరించినం. బిడ్డ పక్కనే నిద్రపోయింది. మార్కులు మంచిగనే వచ్చినయ్. ఏడెనిమిదులు ఎంత అంటే వేళ్లు లెక్కబెడ్తున్నది. ఈ ఏడే గురుకులం ఐదో తరగతి సీటుకు పరీక్ష రాయాలె. ఇవన్నీ బంద్ చేసి ఎక్కాలే చెప్పొచ్చు గదా?

హన్మకొండ సార్:
మీ బాధ నిజమే అన్నా. కానీ అది ప్రాజెక్టు కాదు, ఇంటికి పంపిన పని. అమెరికాల కిల్‌పాట్రిక్ అనే విద్యావేత్త 1918ల ఈ ప్రాజెక్టు పద్ధతి గురించి రాసినప్పుడే, తన లక్ష్యం కోసం మనసు పెట్టి చేసే పని అన్నడు. మీ ఇంట్ల ఆ లక్ష్యం బిడ్డది కాలేదు.

నేను నాలుగు, ఐదు తరగతులకు మధ్యాహ్న భోజనం లెక్క అప్పజెప్పిన. ప్రాథమిక బడిల ఒక్కొక్కరికి 100 గ్రాముల బియ్యం, 20 గ్రాముల పప్పు. మొదటి రోజు 38 మంది వచ్చిన్రు. ఒక పిల్లగాడు 38 కిలోలని రాసి వంటామెకు చూపిచ్చిండు. ఆమె డబ్బా మూత తీసి "బిడ్డా, నా కాడ ఉన్నయే పది కిలోలు" అన్నది. వాడు అక్కడే నిలబడి సున్నాలు మళ్ల లెక్కబెట్టిండు. 3,800 గ్రాములు, అంటే మూడు కిలోల ఎనిమిది వందలు. తూకమేసి చూసినంక గని నమ్మలే. పప్పు కాడ ఆగిండు. "సార్, ఇరవయ్యో ఎక్కం ఎట్ల?" అన్నడు. 38 రెండ్లు 76, పక్కన సున్నా, 760 గ్రాములని అప్పుడు చెప్పిన. పిల్లగాడు తనంతట తనే ఎక్కం అడగంగ నేను చూసుడు గదే మొదలు.

ములుగు టీచర్:
నాది ఏకోపాధ్యాయ బడి సార్, ఐదు తరగతులు ఒక్క గదిల. 2022ల తొలిమెట్టు, అంటే చిన్న తరగతులకు చదువుడు, రాసుడు, లెక్కల పునాది గట్టిచేసే సర్కారు కార్యక్రమం, వచ్చినప్పటిసంది ఎవరు ఎక్కడున్నరో చూసి గుంపులు చేస్తున్న. నాలుగులో కూడా తీసివేతల అప్పు తీసుకునుడు రానోళ్లున్నరు. ఇసొంటి పనిల వచ్చినోళ్లే లెక్క చేస్తరు, రానోళ్లు సంచి పట్టుకొని నిలబడ్తరు. సిగ్గు ఇంకా పెరుగుతది.

హన్మకొండ సార్:
మా కాడ గూడ అట్లనే అయింది మేడం, రెండో వారం కనిపెట్టిన. అందుకే తూకమేసేటోళ్లు, రాసేటోళ్లు రోజూ మారుతరు. ప్రాజెక్టు వారానికి రెండు రోజులే. మొదటి పిరియడ్ల తీసివేతలు, గుణకారాలు ఎప్పటిలెక్కనే.

పరకాల రైతు:
రేపు పత్తి ఏనుమాముల మార్కెట్‌కు తీస్కపోతున్న సార్. తక్‌పట్టీ (తూకం, ధర రాసిచ్చే చీటి) బిడ్డకే ఇస్త, ఎంతొచ్చిందో తనే చెప్పాలె. ఏడో ఎక్కం మాత్రం ఈ వారమే అప్పజెప్పించుకుంట.