పాత మారుతి 800లో వచ్చిపోయే కరెంటు లోపం: వైరింగు కిట్ మార్చాలా, జాయింటు వెతకాలా?

పాతబండి కాకినాడ:
నా దగ్గర 1997 నాటి కార్బురేటర్ మారుతి 800 ఉంది. పగలు ఏ లోపమూ కనిపించదు. రాత్రి హెడ్‌లైట్లు వేసుకుని ఇరవై నిమిషాలు నడిపాక డ్యాష్‌బోర్డు దీపాలు మసకబారతాయి, ఇండికేటర్ నీరసంగా కొట్టుకుంటుంది. అప్పుడు బండి ఆపి మళ్లీ సెల్ఫ్ వేస్తే టక్కుమన్న చప్పుడు తప్ప ఇంజను తిరగదు. స్పీడ్ బ్రేకర్ దాటేటప్పుడు ఇంజను ఒక్కోసారి క్షణంపాటు చచ్చి మళ్లీ అందుకుంటుంది. తెల్లవారేసరికి ఏమీ ఎరగనట్టు మొదటి సెల్ఫ్‌కే స్టార్టవుతుంది. బ్యాటరీ కొత్తది. ఇంజను నడుస్తుండగా దాని మీద 14.1 వోల్టులు ఉన్నాయి, అంటే ఛార్జింగు సరిగానే అవుతోంది. మెకానిక్ గారు వైరింగు కిట్ మొత్తం, అంటే బండిలోని వైర్ల కట్టంతా, మార్చమంటున్నారు. అది అవసరమేనా?

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్:
మీ మెకానిక్ చెప్పింది తప్పని నేననను. ఇన్నేళ్ల బండిలో వైరు మీది ప్లాస్టిక్ తొడుగు ఇంజను వేడికి గట్టిపడి పెళుసెక్కుతుంది. పైగా చేతులు మారిన ప్రతిసారీ ఒకరు టేపురికార్డరుకు, ఒకరు ఫాగ్ లైట్లకు, మరొకరు రివర్స్ హారన్‌కు వైరు గిచ్చి జాయింటు కొట్టి ఉంటారు. ఈరోజు ఒక జాయింటు సరిచేసి పంపితే నెల తిరగకుండా ఇంకొకటి లేస్తుంది, మాట పడేది మేము. వెతకడానికి పట్టే రోజుల కూలి కలిపి చూస్తే కిట్టే చవక.

పాలిటెక్నిక్ మాస్టారు:
ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టినట్టుంది ఈ సలహా. లక్షణాలను ఒకసారి కలిపి చూడండి. డ్యాష్‌బోర్డు, ఇండికేటర్, సెల్ఫ్ వేర్వేరు వైర్ల మీద నడుస్తాయి. అన్నీ ఒకే వేళ నీరసించాయంటే, అవన్నీ కలిసే చోటునే, అంటే బ్యాటరీ టెర్మినళ్లను, ఎర్త్ వైర్లను (కరెంటు బాడీ నుంచి, ఇంజను నుంచి బ్యాటరీ నెగటివ్‌కు తిరిగి చేరే వైర్లను), మొదట అనుమానించాలి. 55 వాట్ల డిమ్ బల్బులు రెండు కలిపి సుమారు 9 ఆంపియర్లు లాగుతాయి. దారిలో ఒక జాయింటుకు 0.1 ఓమ్ నిరోధం వస్తే అక్కడే 0.9 వోల్టు కరిగిపోయి వేడిగా మారుతుంది. ఆ వేడికి లోహం వ్యాకోచించి పట్టు మరింత సడలుతుంది, చల్లారగానే మళ్లీ సర్దుకుంటుంది. పగలు దొరకని లోపం రాత్రి దొరకడానికి కారణం ఇదే. సెల్ఫ్ 100 ఆంపియర్లకు పైగా లాగుతుంది కనుక దానికి 0.02 ఓమ్ అడ్డుపడినా 2 వోల్టులు పోయినట్టే.

ఇక్కడ చాలామంది మల్టీమీటరును ఓమ్స్‌లో పెట్టి, సున్నా చూపించగానే వైరు బాగుందనుకుంటారు. ఆ మీటరు పంపేది కొన్ని మిల్లీ ఆంపియర్లే. ఇరవై పోగుల వైరులో ఒక్క పోగు మిగిలినా దానికి సున్నాయే కనిపిస్తుంది. కాబట్టి మీటరును డీసీ వోల్టుల్లో పెట్టి, లైట్లు వెలుగుతుండగా జాయింటుకు ఇటొక మీటరు పుల్ల, అటొక పుల్ల ఆనించాలి. మంచి ఎర్త్ మీద 0.1 వోల్టుకు మించి కనబడకూడదు. ఇంకొక మాట: బాడీ రేకు మీది తుప్పు ఏ కిట్‌తోనూ మారదు. కొత్త వైరును అదే తుప్పు మీద బోల్టు వేసి బిగిస్తే ఫలితమేముంటుంది?

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్:
మాస్టారూ, ఎలుకలు నిజంగానే వైర్లు కొరికిన బండ్లు నేను విప్పాను, సామెతతో తీసిపారేయకండి. ఎర్త్ సంగతి ఒప్పుకుంటాను. కానీ మా షెడ్డుకు బండి వచ్చేది చల్లగా, ఏ జబ్బూ లేనట్టుగా. ఆ వేళ మీ మీటరు 0.05 చూపిస్తే మేమేం చేయాలి?

పాలిటెక్నిక్ మాస్టారు:
న్యాయమైన ప్రశ్న. జబ్బు వచ్చేదాకా మీటరును బండిలోనే ఉంచాలి. రెండు పొడవాటి వైర్లతో ఒక కొసను ఇంజను బ్లాకుకు, ఒక కొసను బాడీ బోల్టుకు కట్టి, మీటరును పక్క సీటులో కూర్చున్నవారి చేతికివ్వండి. ఇంజను నడుస్తున్నప్పుడు లైట్ల కరెంటు బాడీ నుంచి ఇంజను మీది ఆల్టర్నేటర్‌కు (కరెంటు పుట్టించే యంత్రానికి) తిరిగి చేరే దారి మొత్తం ఆ రెండు చోట్ల మధ్యే ఉంటుంది.

గుంటూరు 800:
నేను కిట్ మార్పించినవాణ్ణే. ఉన్న జబ్బు పోయింది కానీ, ఒక కప్లర్‌లో (వైర్లను కలిపే ప్లాస్టిక్ సాకెట్టులో) పిన్ను సరిగా కూర్చోక వెనక్కి జారి, వైపర్ల దగ్గర కొత్త జబ్బు మొదలైంది. అయినా పాత కిట్‌లో కాలి అతుక్కుపోయిన వైర్లను చూశాక ఆ ఖర్చుకు బాధపడలేదు.

పాతబండి కాకినాడ:
మాస్టారు చెప్పినట్టే రెండు రాత్రులు తిరిగాము. బయలుదేరినప్పుడు 0.1 ఉన్న అంకె పాతిక నిమిషాలకు 1.3 వోల్టులకు ఎక్కింది. వెంటనే ఆపి, ఇంజనును, లైట్లను ఆర్పకుండా ఒక్కో జాయింటునూ కొలిస్తే, అందులో 1.1 వోల్టు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ దగ్గరే పోతోంది. నా బండిలో బాడీకి వెళ్లే సన్న వైరు, గేర్‌బాక్సుకు వెళ్లే లావు వైరు రెండూ ఒకే లగ్గులో (వైరు కొసకు బిగించే లోహపు తొడుగులో) నొక్కి ఉన్నాయి. నల్ల టేపు విప్పితే లోపలంతా పచ్చటి చిలుము, వైరు పోగులు పొడిపొడిగా రాలాయి. కొత్త బ్యాటరీకీ ఇదే టెర్మినల్ తగిలించారు కాబట్టి తేడా రాలేదు. రెండు కేబుళ్లూ మార్చి, బాడీ బోల్టు కింద రేకును మెరిసేదాకా గీకి బిగించాక, అదే ప్రయాణంలో అంకె 0.08 దాటలేదు. సెల్ఫ్ కూడా బాగుపడింది. అయితే స్పీడ్ బ్రేకర్ మీద ఇంజను తడబాటు మాత్రం అలాగే ఉంది.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్:
ఇంకొకటి లేస్తుందని చెప్పానా లేదా! ఇగ్నిషన్ స్విచ్చి వెనక కప్లర్‌ను, ఇంజను నడుస్తుండగా చేత్తో మెల్లగా కదిపి చూడండి. తడబడితే అక్కడే ఉంది జబ్బు. పిన్ను గోధుమరంగుకు తిరిగి ఉంటే గీకి మళ్లీ పెట్టకండి, ఒకసారి కాలిన పిన్ను స్ప్రింగు పట్టు పోగొట్టుకుంటుంది. జానెడు వైరుతో సహా కొత్త కప్లర్ వేయించి, క్రింపు చేయించండి, అంటే టంకం లేకుండా లోహపు తొడుగును వైరు మీద గట్టిగా నొక్కించండి. టంకం వేస్తే ఆ చోట వైరు కడ్డీలా గట్టిపడి, అదురుకు దాని అంచు దగ్గర తెగుతుంది.

పాలిటెక్నిక్ మాస్టారు:
టంకం విషయంలో వారితో పూర్తిగా ఏకీభవించను. వైరును పక్కనే క్లిప్పుతో కదలకుండా పట్టిస్తే టంకమూ నిలుస్తుంది. కాలిన పిన్ను గురించి మాత్రం వారి మాటే వినండి.

పాతబండి కాకినాడ:
కదపగానే ఇంజను ఆగింది. పిన్ను గోధుమరంగులోనే ఉంది. పాత టేపురికార్డరు వైరును కూడా ఆ పిన్నుకే కలిపి ఉన్నారు, దాన్ని తీసేశాను. క్యాబిన్ లోపలి వైర్లను వంచితే తొడుగు పగల్లేదు కానీ, ఎగ్జాస్ట్ పక్కన ఉన్నవి రెండుచోట్ల పెటపెటలాడాయి. అందువల్ల ఇంజను గదిలోని భాగాన్ని మాత్రం మార్పిస్తున్నాను, లోపలిది అలాగే ఉంచుతున్నాను.

ఆటోనగర్ ఎలక్ట్రీషియన్:
సగం కిట్ అయినా నా లెక్కలోకే వస్తుంది. వర్షాలకు ముందే చేయించండి.